ఆమోదిత ఉల్లిపొర రంగు

మా కాలనీలో నలభై ఆరు క్వార్టర్లున్నాయి. వాటిలో నలభై అయిదింట్లో, పడకగదిలో, తలాపు వైపు గోడ మీద టీ గ్లాసు మరక ఉంటుంది. పొరపాటున పడ్డ మరక కాదు. మేస్త్రి నిచ్చెనెక్కి, మేకుకి దారం కట్టి, గుండ్రంగా గీసి, రెండు పూతలు వేసిన మరక. బదిలీ మీద కొత్తగా వచ్చినవాళ్లు దాన్ని చూసి బెంబేలెత్తి మా ఇంటికొస్తారు. మరక లేని ఇల్లు మాదొక్కటే కాబట్టి తప్పు మాదేనేమోనని వాళ్ల అనుమానం. వచ్చిన ప్రతివారికీ కాఫీ ఇచ్చి మొదటినుంచీ చెప్పుకురావడం కష్టంగా ఉంది. అందుకని రాసి పెడుతున్నాను.

మావారు నీటిమట్టాల నమోదు శాఖలో సీనియర్ అసిస్టెంటు. కాలవలో నీళ్లెంతున్నాయో చూసి రాసుకోవడం ఆ శాఖ పని. నీళ్లు వదలడం, ఆపడం వేరే శాఖలవి. వాళ్లతో వీళ్లకి మాటల్లేవు. ప్రాంతీయ సంచాలకులు పరాంకుశం గారు. ఆయన్ని ఆఫీసులో అందరూ డైరెక్టర్ గారనే అంటారు.

రెండేళ్ల కిందట, వేసవి మొదట్లో, డైరెక్టర్ గారు సమీక్షా సమావేశం పెట్టి గంటా ముప్పావు మాట్లాడారు. మధ్యలో నీళ్లు తాగడానికి తల ఎత్తితే ఏడుగురు నిద్రపోతూ, మరో ముగ్గురు నిద్ర ఆపుకుంటూ కనిపించారట. వీళ్లు ఇళ్లల్లో సరిగ్గా నిద్రపోవడం లేదని ఆయనకి అర్థమైంది. తన ప్రసంగం మీద ఆయనకి అనుమానం రాలేదు. పెద్ద కుర్చీలో కూర్చున్నవారికి ఆ సౌకర్యం ఉంటుంది.

అదే నెలలో ఆయన్ని మూడు రోజుల శిక్షణకి పంపారు. అక్కడ ఎవరో నిపుణుడు, పడకగది గోడల రంగుకీ మనిషి నిద్రకీ ఉన్న సంబంధం గురించి తెర మీద బొమ్మలు వేసి చూపించాడట. డైరెక్టర్ గారు ఒక్క కునుకు తీయకుండా అంతా విన్నారు. తిరిగొచ్చిన మర్నాడే సర్క్యులర్ వచ్చింది. మావారు దాన్ని ఇంటికి తెచ్చి, పెళ్లి శుభలేఖ చదివినంత గౌరవంగా చదివి వినిపించారు.

"విషయం: సిబ్బంది శయన మందిరముల వర్ణ ప్రామాణీకరణ ద్వారా విశ్రాంతి సాధన, ఆదేశములు జారీ చేయుట గురించి. కార్యాలయ వేళలయందు సిబ్బంది నిద్రించుటకు మూలకారణము గృహమునందు తగినంత నిద్రించకపోవుటయే అనియు, అట్లు నిద్రించకపోవుటకు కారణము గోడల రంగే అనియు నిర్ధారణ అయినందున, క్వార్టర్లలోని శయన మందిరములన్నియు ఒకే ఆమోదిత విశ్రాంతి వర్ణమునకు లోబడి ఉండవలెను."

"ఏ రంగటండీ?" అన్నాను.

"అది ఇంకా నిర్ణయించలేదు. లోబడి ఉండాలని మాత్రం నిర్ణయించారు" అన్నారు మావారు.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి. పెళ్లయ్యాక మేము నాలుగు ఊళ్లు మారాం. నాలుగు ఊళ్లలోనూ గోడలు శాఖవే, రంగూ శాఖదే. తలుపులకి బూడిద రంగు, గోడలకి సున్నం. ఈ ఊళ్లో సున్నం రాలి దిండ్ల మీద పడుతోంటే, మావారిని ఆరునెలలు అడిగి ఒప్పించి, నా ఉల్లిపొర రంగు నేతచీర తీసుకెళ్లి రంగుల కొట్లో బల్ల మీద పరిచాను. కొట్టాయన పుస్తకం తీసి వందల రంగులు చూపించాడు. అందులో ఇది లేదు. చివరికి మేస్త్రి అప్పలకొండ తెల్ల డిస్టెంపరు డబ్బాలో చుక్క చుక్కగా రంగు కలుపుతుంటే, నేను పక్కన చీర పట్టుకుని నిలబడి, ఇంకొంచెం, ఇంకొంచెం, ఇక చాలు అంటూ ఒక పూటంతా పట్టించాను. ఉల్లిపాయ పైపొర కాదు, దాని కింది పొర. ఎండ పడితే గులాబీ, నీడ పడితే గంధం.

మధ్యాహ్నం రెండింటికి నా వంటిల్లు సర్దడం అయిపోతుంది. మూడున్నరకి కుళాయి వస్తుంది. ఈ మధ్యలో ఒక గంట, ఆ గోడవైపు తిరిగి పడుకుంటాను. రోజు మొత్తంలో నన్నెవరూ ఏదీ అడగని గంట అదొక్కటే. ఆ గోడ పోతే ఆ గంటా పోతుందని నాకు తెలుసు. ఎందుకని అడిగితే చెప్పలేను. ఎవరూ అడగలేదు కూడా. గోడల రంగులు రాసుకోవడానికి ఆఫీసు వేసిన సర్వే ఫారంలోనూ ఆ గడి లేదు.

సర్వే ఫారంలో మిగతావి ఇరవై రెండు గడులున్నాయి. వాటిని నింపడానికి సూపరింటెండెంటు త్రినాథరావు గారు టేపు, అట్ట, పెన్సిలు పట్టుకుని ఒకటో నంబరు నుంచి బయల్దేరారు. రంగులకి మూడు వర్గాలు: శాంతికరము, ఉత్తేజకరము, ఇతరములు. కాలనీ ఆడవాళ్లకి వాటితో పరిచయం లేదు. ఒకావిడ మెంతి రంగంది. ఒకావిడ పాచి రంగంది. ఇంకొకావిడ, మా ఆడపడుచు గృహప్రవేశానికి పెట్టిన చీర రంగండి, చూపించమంటారా అని బీరువా తీసింది. పన్నెండో నంబరు సలోమి గారు, "చిలకపచ్చండి. కాకపోతే కొంచెం వయసైపోయిన చిలక" అంది. ఉత్తేజకరము.

మాది నలభై ఆరో నంబరు, కాలనీకి చిట్టచివర. మా ఇంటికొచ్చేసరికి త్రినాథరావు గారికి పెన్సిలు అరిగిపోయింది.

"శయన మందిరము రంగేమిటమ్మా?"

"ఉల్లిపొర రంగండి."

"ఉల్లిపాయ కళ్లలో నీళ్లు తెప్పించు పదార్థము కదమ్మా. శాంతికరములో ఎలా వేస్తాం?"

"ఇది ఇంకా కొయ్యని ఉల్లిపాయండి."

ఆయన అరిగిన పెన్సిలుతోనే 'కొయ్యనిది' అని రాసుకుని, ఇతరములులో టిక్కు పెట్టారు. ఇతరములు కిందికొచ్చిన గదులన్నీ గీకించేయాలని అప్పటికే మాట వచ్చింది.

అయితే ఏ రంగు వేయాలో తేలాలంటే ఏ రంగులో నిద్ర పడుతుందో చూడాలి కదా. దానికి ప్రత్యక్ష నిద్రా పరిశీలన అని పేరు పెట్టారు. పరిశీలన ఆఫీసు పని; ఆఫీసు పని పదిన్నర నుంచి అయిదు వరకే జరగాలి. కాబట్టి పరిశీలనకి లోనయ్యే ఉద్యోగి ఆ రోజు సెలవు పెట్టి, పగలు ఇంట్లో నిద్రపోవాలి. ఆఫీసులో పగలు నిద్రపోకుండా చేయడానికే ఇదంతా అని ఒకరిద్దరు గుర్తుచేయబోయారు. ఇది సెలవులో నిద్ర కాబట్టి నిబంధనలకు విరుద్ధం కాదని జవాబొచ్చింది.

మా వంతు ఒక బుధవారం, రెండు గంటల అయిదు నిమిషాలకి. సరిగ్గా నా గంట. మావారు ప్యాంటు వేసుకుని, చొక్కా లోపలికి దోపుకుని మంచమెక్కారు. "లుంగీ కట్టుకోండి, నిద్ర పడుతుంది" అన్నాను. "సార్ ముందు లుంగీ ఏమిటి మంజూ, బాగుండదు" అని, చేతులు రెండూ పక్కలకి ఆనించి, జెండా ఎదుట నిలబడ్డవాడిలా పడుకున్నారు. త్రినాథరావు గారు కుర్చీ గోడకి ఆనించి వేసుకుని నోటుబుక్కు తెరిచారు. నేను వంటింట్లోకి వచ్చేశాను. మాటలు వినిపిస్తూనే ఉన్నాయి.

"నిద్ర పట్టిందా శేషగిరీ?"

"పడుతోంది సార్."

"ఎంత శాతం?"

"నలభై ఉంటుంది సార్."

"ఆలస్యమవుతోందయ్యా. నేను నివేదిక రాయాలి."

"ప్రయత్నిస్తున్నాను సార్. నలభై అయిదు."

తర్వాత మాటలు ఆగిపోయాయి. కాసేపటికి గురక మొదలైంది. మా ఇంట్లో పదిహేడేళ్లుగా వింటున్న గురక కాదు. తొంగిచూస్తే త్రినాథరావు గారు తల వెనక్కి వాల్చి, నోరు కొంచెం తెరిచి, నా ఉల్లిపొర గోడకి తలనూనె ఆనించి ఆదమరిచి నిద్రపోతున్నారు. మావారు మంచం మీద కళ్లింతలు చేసుకుని అలాగే ఉన్నారు. నన్ను చూసి, చప్పుడు చేయవద్దని చేత్తో సైగ చేశారు.

"సార్ పడుకున్నారు" అన్నారు, పెదవులతోనే.

నాలుగూ పదికి త్రినాథరావు గారు లేచారు. కళ్లు తుడుచుకుని, గడియారం చూసి, ఏమాత్రం తొణక్కుండా నోటుబుక్కులో రాసుకున్నారు. పరిశీలన ప్రారంభం ఇంత, ముగింపు ఇంత. గదిలోని వ్యక్తులు ఇద్దరు. నిద్రించినవారు ఒకరు. ఎవరన్నది గడిలో అడగలేదు కాబట్టి రాయలేదు.

"కాలనీ మొత్తంలో పరిశీలన ఫలించినది మీ గదిలోనేనమ్మా" అన్నారు కాఫీ అందుకుంటూ. "ఈ రంగును పైకి సిఫార్సు చేస్తాను. నమూనా కావాలి."

నేను క్షణం కూడా ఆలోచించలేదు. నా రంగే నిబంధన అయిపోతే నా గోడని ముట్టుకునేవాడెవరు? ట్రంకుపెట్టె తీసి, ఆ నేతచీరని, కట్టుకుంటే లోపలికి దోపుకునే కొసవైపు, అంచు తగలకుండా జానెడు ముక్క కత్తిరించి ఇచ్చాను. ఆయన దాన్ని నాలుగు మడతలు వేసి, ఫైల్లో గుండుసూదితో గుచ్చి, "ఇక మీ గోడకి భయం లేదమ్మా. మీ గోడే శాసనం" అన్నారు.

ఆ తర్వాత నాలుగు నెలలు నేను హాయిగా నిద్రపోయాను.

ఆ నాలుగు నెలలూ ఫైలు తొమ్మిది బల్లలు తిరిగింది. రోజూ సాయంత్రం కాఫీ దగ్గర మావారు వార్తలు చెప్పేవారు. సాంకేతిక విభాగంలో గుడ్డకి పక్కనుంచి రెండో గుండుసూది గుచ్చారు. వానాకాలం కదా, రెండూ తుప్పు పట్టాయి. జతపరచిన ప్రతి కాగితం మీదా 'చేరినది' అని గుండ్రటి ముద్ర వేయాలని నియమం. గుడ్డ కాగితం కాదని ఎవరో అన్నారు కానీ, ముద్ర లేకపోతే చేరనట్టు లెక్క అని దాని మీదే ఊదా రంగు ముద్ర కొట్టారు. రికార్డు విభాగంలో ఫైలు ఉన్న రోజున ఎవరింట్లోదో సత్యనారాయణ వ్రతం పులిహోర వచ్చింది. ఉపసంచాలకులు గారికి బల్ల మీద మరకలు పడటం నచ్చదు, అందుకని టీ గ్లాసు ఫైలు మీద పెట్టుకుంటారు.

"గుడ్డ ఎలా ఉందండీ?" అని అడిగాను ఒకరోజు.

"గుడ్డకేం, బాగా ముందుకెళ్తోంది" అన్నారు మావారు.

చివరికి డైరెక్టర్ గారి బల్ల చేరింది. సంతకం కాగితం మీద పెడితే ఎవరైనా నమూనా మార్చేస్తారని ఆయన ముందుచూపు. ఆకుపచ్చ సిరాతో, గుడ్డ మీదే, అడ్డంగా, 'ఆమోదించడమైనది' అని రాసి సంతకం పెట్టారు. 'జతపరచిన ఆమోదిత నమూనాకు వెంట్రుకవాసి తేడా లేకుండా' రంగులు వేయాలని ఉత్తర్వు వెలువడింది. పని మన అప్పలకొండకే వచ్చింది. నాకింకా ధైర్యం వచ్చింది. ఆ రంగు కలపడం తెలిసినవాళ్లం ప్రపంచంలో ఇద్దరమే.

ఒకటో నంబరు నుంచి వరసగా వేసుకొస్తున్నారు. వారం తిరిగేసరికి పన్నెండో నంబరు సలోమి గారు మా గుమ్మంలోకొచ్చింది. చేతిలో సగం ఒలిచిన చిక్కుడుకాయలు అలాగే ఉన్నాయి.

"వదినగారూ, ఒకసారి రండి. నాకు చెప్పడం చేతకావట్లేదు."

వెళ్లాను. వాళ్ల పడకగదిలో వయసైపోయిన చిలక ఎగిరిపోయింది. దాని స్థానంలో, తలాపు వైపు గోడ నిండా, నమూనా ఉంది. నేల మీది మట్టి నీళ్లలాంటి రంగు. దాని మధ్య నా తిరగలి అంత టీ గ్లాసు మరక, ఒకచోట కొంచెం ఒలికినట్టు జారుతూ. కుడిపక్క నూనె బొట్టు, అచ్చంగా తడిగా కనిపించేలా వార్నిష్ వేసి మరీ. పైన రెండు తుప్పు చుక్కలు. ఎడమపక్క ఊదా రంగు ముద్ర, బండి చక్రమంత. వీటన్నిటి మీదుగా ఈ మూల నుంచి ఆ మూలకి, ఆకుపచ్చగా, 'ఆమోదించడమైనది', దాని కింద డైరెక్టర్ గారి సంతకం.

అప్పలకొండ నిచ్చెన మీద నుంచి నన్ను చూసి కుంచె దించాడు.

"నానేటి సేసేది తల్లీ. గుడ్డ మీద ఎలాగుంటే గోడ మీద అలాగే ఉండాలన్నారు. నిన్న నూనె బొట్టు బెత్తెడు పక్కకెల్లిపోనాదని మొత్తం గీకించేసినారు."

"మనం కలిపిన రంగు గుర్తులేదా అప్పలకొండా?"

"గుర్తుకేటి, నిద్దర్లో లేపినా కలిపేస్తాను. కానీ ఆ రంగు ఈ గుడ్డలో ఏ మూలా అవుపడ్డం లేదు గదమ్మా."

సలోమి గారు చిక్కుడుకాయలు మంచం మీద పెట్టింది. "మా ఆయనకి మాత్రం తెగ నచ్చేసింది వదినగారూ. పొద్దున్న లేవగానే ఆ సంతకం చూసి దణ్ణం పెట్టి గానీ కాళ్లు కింద పెట్టట్లేదు. నేను చీర మార్చుకోవాలంటే వంటింట్లోకి పోతున్నాను. పైఅధికారి సంతకం ముందు ఎలా మార్చుకోనండీ?"

కాలనీలో మగవాళ్లందరిదీ అదే వరస. మంచమెక్కగానే నెత్తిమీద 'ఆమోదించడమైనది' అని కనిపిస్తుంటే, ఇక తమ వంతు పనేమీ మిగల్లేదన్న తృప్తితో కళ్లు మూతలు పడుతున్నాయట. ఆ నెల సమీక్షా సమావేశంలో ఏడుగురికి బదులు పదకొండు మంది నిద్రపోయారు. 'సిబ్బందిలో నిద్ర అలవాటు బలపడినది, పథకము ఆశించిన ఫలితములు ఇచ్చుచున్నది' అని డైరెక్టర్ గారు పైకి నివేదిక పంపారు.

నలభై అయిదు ఇళ్లు పూర్తయ్యాయి. మా ఇంటికి నోటీసు వచ్చింది. నలభై ఆరవ నంబరు శయన మందిరపు గోడ ఆమోదిత నమూనాకు భిన్నముగా ఉన్నట్లు తెలియవచ్చినందున, సోమవారము ఉదయము పదకొండు గంటలకు సరిపోల్చి, గీకించి, లోబరచబడును.

"ఆ నమూనా నా గోడదే కదండీ" అన్నాను మావారితో.

"మంజూ, ఇప్పుడు ఆ మాట ఎత్తకు. నాకు ఇంక్రిమెంటు కాగితాలు అక్కడే ఉన్నాయి" అన్నారాయన. కానీ అన్నం సగంలో వదిలేసి లేచిపోయారు. ఆయనకీ బాధగానే ఉందని అర్థమైంది.

ఆదివారం రెండింటికి పడుకున్నాను గానీ నిద్ర పట్టలేదు. గోడవైపు తిరిగి, దాన్నే చూస్తూ ఉండిపోయాను. రేపీపాటికి ఇక్కడ టీ మరక ఉంటుంది. దాని కింద నేను పడుకుని, ఒక గంట నాది అనుకోవాలి. త్రినాథరావు గారు ఆ బుధవారం గుడ్డ అందుకున్న తీరు గుర్తొచ్చింది. జాగ్రత్తగా, నాలుగు మడతలు వేసి. లేచి కూర్చున్నాను.

సోమవారం సరిగ్గా పదకొండింటికి త్రినాథరావు గారు ఫైలుని తువ్వాల్లో చుట్టుకుని, చంటిపిల్లలా భుజాన వేసుకుని వచ్చారు. వెనక అప్పలకొండ, వాడి గీకుడు బిళ్ల. మావారు తలుపు పక్కన నిలబడ్డారు. త్రినాథరావు గారు ఫైలు తెరిచి, గోడ పక్కన పట్టి, అటూ ఇటూ చూశారు.

"భిన్నముగా ఉన్నది" అన్నారు.

"ఆ గుడ్డ ఈ గోడకి సరిపోయిన చీరలోదేనండి. మీ చేతికి నేనే ఇచ్చాను."

"కాదనలేదమ్మా. నమూనా ఇచ్చినంత మాత్రాన నమూనాకు లోబడినట్లు కాదు."

"ఒకసారి చూడవచ్చాండీ?"

"చూడవచ్చును. ముట్టరాదు."

"ముట్టనండి. మీరే ఆ మడత ఒకసారి విప్పి చూపించండి. మీరు వేసిన మడతే కదా."

ఆయన నా వైపు అనుమానంగా చూశారు. కానీ విప్పకూడదని ఏ ఉత్తర్వులోనూ లేదు. గుండుసూదులు మెల్లగా లాగి, ఒక్కో మడతా తెరిచారు. పై మడత మట్టిరంగు. రెండోది కొంచెం మసక. మూడోదీ నాలుగోదీ, సూది బెజ్జాలు తప్ప, పెట్టెలోంచి అప్పుడే తీసినట్టు, ఉల్లిపొర రంగు. తొమ్మిది బల్లల మీద నాలుగు నెలలు తిరిగినా ఆ మడత విప్పి చూసినవారొక్కరూ లేరు. గుడ్డ కొస ఫ్యాను గాలికి గోడకి ఆనింది. గుడ్డ ఎక్కడ ఆగిందో, గోడ ఎక్కడ మొదలైందో తెలియలేదు.

"అదేనమ్మా, మనం కలిపినది" అన్నాడు అప్పలకొండ, గీకుడు బిళ్ల కింద పెట్టి.

త్రినాథరావు గారు గబగబా మడత వేసేశారు. "ఇది ఎవరూ చూడలేదు కదా."

"నేను చూశానండి. అప్పలకొండ చూశాడు. మావారు చూడలేదు. ఆయన కళ్లు మూసుకున్నారు."

నిజంగానే మూసుకున్నారు.

"ఆమోదము పై మడతకేనమ్మా. సంతకం దాని మీదే ఉంది."

"ఉత్తర్వులో జతపరచిన నమూనా అనుందండి. పై మడత అని లేదు. పై మడతే అయితే, నమూనాలో పావు భాగానికే ఆమోదం దొరికినట్టు. మొత్తం గుడ్డ అయితే, నలభై అయిదు ఇళ్లల్లో పావు నమూనాయే వేసినట్టు. నాకు తెలియక అడుగుతున్నాను."

త్రినాథరావు గారు మంచం మీద కూర్చున్నారు. నేను అప్పటికే రాసి ఉంచిన అర్జీ ఆయన చేతిలో పెట్టాను. 'ఆమోదిత నమూనా నాలుగు మడతలు గలదై ఉండుటను, అందు పై మడతయు లోపలి మడతయు పరస్పరము భిన్నములై ఉండుటను, ఏ మడతకు లోబడవలెనో స్పష్టపరచవలసినదిగా కోరడమైనది. తొందరపాటున తప్పు మడతకు లోబడినచో కలుగు పర్యవసానములకు ఈ క్రింద సంతకము చేసినవారు బాధ్యులు కాజాలరు.'

ఆయన రెండుసార్లు చదివారు. రెండోసారి చదువుతుంటే ముఖంలో భయం తగ్గి, ఏదో మంచి సంగీతం వింటున్నట్టు తల చిన్నగా ఊగింది.

"ఇలా రాయడం ఎక్కడ నేర్చుకున్నారమ్మా?"

"పదిహేడేళ్లుగా ఈయన డ్రాఫ్టులు చదువుతున్నానండి."

ఆ సాయంత్రానికే కాగితం వచ్చింది. స్పష్టత వెలువడు వరకు నలభై ఆరవ నంబరు నందు యథాతథ స్థితి. మర్నాడు రెండింటికి పడుకుని మూడున్నర దాకా లేవలేదు. ఆ రోజు కుళాయి నీళ్లు సలోమి గారు పట్టి పెట్టింది.

ఇది జరిగి ఏడాది దాటింది. ఏ మడత అన్న ప్రశ్నతో ఫైలు మళ్లీ ఒకటో బల్ల నుంచి బయల్దేరి, మొన్నటికి ఎనిమిదోది దాటింది. మొన్న సాయంత్రం మావారు కాఫీ తాగకుండానే గ్లాసు పక్కన పెట్టారు.

"డైరెక్టర్ గారు ఒక నిర్ణయానికి వచ్చేశారట మంజూ. పై మడతే అంటారట. లోపలి మడత అంటే అన్ని ఇళ్లూ మళ్లీ వేయించాలి కదా. ఈ వారంలో సంతకం అయిపోతుంది."

నేను లేచి వెళ్లి ట్రంకుపెట్టెలోంచి చీర తెచ్చి ఆయన ఒళ్లో పెట్టాను. జానెడు తక్కువైనా బాగానే ఉంది.

"రేపు ఆఫీసుకెళ్లేటప్పుడు ఒక అర్జీ తీసుకెళ్లాలండి."

"మళ్లీ ఏమిటి?"

"ఈ చీరకి అంచుంది చూడండి, ముదురు వంకాయ రంగు. నేనిచ్చిన ముక్కలో అంచు రాలేదు. గోడకి అంచు అవసరమా కాదా అని అడుగుదామని."

ఆయన అంచు వేళ్లతో పట్టుకుని చూశారు. పడకగది వైపు చూశారు. ఈ శాఖలో ఆయనకి ఇంకా ఆరేళ్ల సర్వీసుంది. వద్దంటారనుకున్నాను. జేబులోంచి పెన్ను తీసి, అర్జీ కోసం నేను తెచ్చుకున్న కాగితం లాక్కున్నారు.

"అవసరమా కాదా అని రాయకూడదు. అలా రాస్తే ఒక్కరే కాదని రాసి మూసేస్తారు. 'అవసరమగునా, అగునేని ఎన్ని అంగుళములు' అని రాయాలి. అప్పుడు ఫైలు సాంకేతిక విభాగానికి వెళ్లాలి. అక్కడ కొలిచే టేపు లేదు. తెప్పించాలి."

నేను ఆయన వైపు చూశాను. ఆయన కాగితం మీద నుంచి తల ఎత్తలేదు.

"నాకూ అక్కడ సార్ సంతకం లేకపోతేనే కాస్త నిద్ర పడుతుంది" అన్నారు మెల్లగా.

కాబట్టి కొత్తగా వచ్చినవాళ్లు కంగారుపడకండి. మీ గోడ మీదున్నది మరక కాదు, ఉత్తర్వు. మా గోడ మీద లేనిది ఇంకా పరిశీలనలో ఉంది. అంచు సంగతి తేలాక పైటచెంగు ఉంది, దాని మీద చారలున్నాయి. చీర మొత్తంలో ఆఫీసు చేతికి చిక్కింది జానెడే.

రెండు కావస్తోంది. నేను పడుకుంటాను. చదివాక ఈ కాగితాలు బల్ల మీద పెట్టి, తలుపు దగ్గరగా వేసి వెళ్లండి. కాఫీ గ్లాసు మాత్రం వీటి మీద పెట్టకండి.